ఇంట్లోనే బడి: అమెరికా క్రైస్తవ తల్లిదండ్రుల కారణాలు

న్యూయార్క్ రాష్ట్ర విద్యామండలి ఒకప్పుడు ప్రభుత్వ బడుల కోసం ఒక చిన్న ప్రార్థన రాయించింది. ఇంగ్లీషులో అది 22 మాటలు. క్రైస్తవుల్లో ఏ శాఖవారికీ, యూదులకూ ఇబ్బంది కలగకూడదని అందులో ఏసు పేరు కూడా పెట్టలేదు. 1962లో ఎంగెల్ వర్సెస్ విటాలే కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ ప్రార్థన రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది అబింగ్టన్ వర్సెస్ షెంప్ కేసులో ఇంకో తీర్పు వచ్చింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బడి మొదలవగానే బైబిలు నుంచి పది వచనాలు చదివేవారు. ఆ తీర్పుతో అదీ ఆగిపోయింది.

బడి నుంచి దేవుణ్ని వెళ్లగొట్టారన్న మాట అమెరికా క్రైస్తవుల ఇళ్లలో అప్పటి నుంచే వినిపించసాగింది. బైబిలు అధికారానికీ, మనిషి స్వయంగా పొందే మారుమనస్సుకూ పెద్దపీట వేసే ఎవాంజెలికల్ ప్రొటెస్టెంట్లకు ఆ రెండు తీర్పులూ లోతుగా గుచ్చుకున్నాయి. అయినా వాళ్లు వెంటనే పిల్లల్ని బడి మానిపించి ఇంట్లో కూర్చోబెట్టుకోలేదు. మొదట చర్చి ఆవరణల్లో సొంత బడులు పెట్టుకున్నారు. దక్షిణాదిలో అలాంటి కొన్ని బడుల వెనుక ఇంకో కారణం ఉందన్న నిజాన్ని దాచకూడదు. తెల్ల, నల్ల పిల్లలకు వేర్వేరు ప్రభుత్వ బడులు చెల్లవన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు తర్వాత నల్లజాతి పిల్లల పక్కన తమ పిల్లల్ని కూర్చోబెట్టడం ఇష్టంలేని తెల్లవాళ్లు వాటిని నడిపారు. అమ్మే పంతులమ్మగా, వంటింటి బల్లే తరగతి గదిగా మారిన హోమ్‌స్కూలింగ్ క్రైస్తవుల్లో ఊపందుకున్నది 1980లలో. 1999లో కేంద్ర విద్యాగణాంకాల సంస్థ లెక్కించేనాటికి దేశంలో ఇంట్లో చదువుకునే పిల్లలు 8,50,000 మంది. 2012లో ఆ సంఖ్య దాదాపు 18 లక్షలు.

వాళ్ల తల్లిదండ్రుల్ని కారణం అడిగితే చాలామంది మొదట బైబిలే తెరుస్తారు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో దేవుని ఆజ్ఞల్ని పొద్దున లేచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా, ఇంటా బయటా పిల్లలకు చెబుతూనే ఉండాలని తల్లిదండ్రులకు ఆదేశం ఉంది. పిల్లల్ని ప్రభువు బోధలో పెంచమని ఎఫెసీయులకు రాసిన పత్రిక తండ్రులకు చెబుతుంది. తెలుగువాళ్లు మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టే, చిన్ననాడు చూపిన దారిని పిల్లవాడు పెద్దయ్యాకా విడవడని సామెతల గ్రంథం నమ్మకమిస్తుంది. ఇవి ప్రతి క్రైస్తవుడూ చదివే వాక్యాలే. పిల్లల్ని మామూలు బడికి పంపే క్రైస్తవులు ఇంటి ప్రార్థనతో, సండేస్కూలుతో ఈ బాధ్యత తీరుతుందనుకుంటారు. ఇంట్లో చదివించేవాళ్లకు ఆ సర్దుబాటు కుదరదు. రోజులో ఏడు గంటలు, వారంలో ఐదు రోజులు దేవుని ఊసులేని గదిలో గడిపిన పిల్లవాడికి ఆదివారం ఒక గంట ఏపాటిదని వాళ్ల ప్రశ్న. లెక్కలు, చరిత్ర, సైన్సు ఒకవైపు, భక్తి ఇంకోవైపు అని విడదీయడమే తప్పని వాళ్లంటారు. ఈ ఉద్యమంలో అన్నిటికన్నా లోతైన కారణం ఇదే. మిగతా కారణాలు కాలంతో మారాయి, ఇది మారలేదు.

తమాషా ఏమిటంటే, అమెరికాలో బడి పుట్టిందే బైబిలు కోసం. మసాచుసెట్స్ వలసప్రాంతం 1642లో చేసిన చట్టం పిల్లలకు చదవడం, మతసూత్రాలు తెలుసుకోవడం నేర్పే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక ఉపాధ్యాయుణ్ని పెట్టుకోవాలని 1647 చట్టం చెప్పింది. జనం లేఖనాలు చదవకుండా చేయడానికి సైతాను చూస్తున్నాడు గనుక అక్షరాలు నేర్పాలన్నది ఆ చట్టంలోనే రాసిన కారణం. 1837లో అదే రాష్ట్ర విద్యామండలికి కార్యదర్శి అయిన హొరేస్ మాన్ అన్ని శాఖలవారికీ ఒకే ప్రభుత్వ బడి ఉండాలని ఉద్యమించాడు. ఏ శాఖ సిద్ధాంతమూ చెప్పకుండా, వ్యాఖ్యానం లేకుండా బైబిలు చదివిస్తే చాలన్నది ఆయన పద్ధతి. ప్రొటెస్టెంట్లు దానికి సమాధానపడ్డారు. ఐర్లండ్ నుంచి వచ్చిన క్యాథలిక్కులు పడలేదు, ఎందుకంటే అక్కడ చదివే కింగ్ జేమ్స్ బైబిలు వాళ్లది కాదు. ఆ తగవు 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లకు దారితీసి చర్చిలు తగలబడేదాకా వెళ్లింది. ప్రతి పారిష్‌కూ, అంటే ప్రతి స్థానిక చర్చి పరిధికీ, సొంత బడి ఉండాలని 1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన క్యాథలిక్ బిషప్పులు తీర్మానించారు. బడి ఎవరికీ చెందనిదిగా కనిపిస్తూనే ఒక విశ్వాసాన్ని నూరిపోస్తుందని క్యాథలిక్కులు అప్పుడన్న మాటనే, వందేళ్ల తర్వాత ఎవాంజెలికల్ తల్లిదండ్రులు అందుకున్నారు.

ఆ మాటకు సిద్ధాంతరూపం ఇచ్చినవాడు రూసాస్ జాన్ రష్‌డూనీ. అర్మేనియన్ వలస కుటుంబంలో పుట్టిన ఈ కాల్వినిస్టు పండితుడు 1963లో అమెరికా విద్యావ్యవస్థ మీద ఒక పెద్ద విమర్శగ్రంథం వెలువరించాడు. తటస్థమైన చదువనేది లేదని, దేవుణ్ని పక్కన పెట్టిన చదువు మనిషినే దేవుడి స్థానంలో కూర్చోబెడుతుందని ఆయన వాదన. పాత నిబంధన ధర్మశాస్త్రం ప్రకారం సమాజం నడవాలన్న ఆయన రాజకీయ ఆలోచనను చాలామంది క్రైస్తవులు ఒప్పుకోలేదు. ఆయన పేరు కూడా వినని తల్లులు మాత్రం ‘ప్రాపంచిక దృష్టి’, ‘లౌకిక మానవతావాదం’ అన్న మాటలు ఆయన వాడిన అర్థంలోనే వాడారు.

ఇంకో దారిలో వచ్చిన కారణం మెత్తనిది, పిల్లల వయసుకు సంబంధించింది. సెవెన్త్‌డే అడ్వెంటిస్టు సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ 1872లోనే, ఎనిమిది పదేళ్లు వచ్చేదాకా పిల్లలకు తల్లే పంతులమ్మ, ప్రకృతే బడి కావాలని రాసింది. ఆ సంఘానికే చెందిన రేమండ్ మూర్, డొరొతీ మూర్ దంపతులు వందేళ్ల తర్వాత అదే మాటను పరిశోధనల భాషలో చెప్పారు. 1975లో వచ్చిన వాళ్ల ‘బెటర్ లేట్ దేన్ ఎర్లీ’ పుస్తకం చూపు, వినికిడి, మనసు ముదరకముందే బడిలో కూర్చోబెడితే పిల్లలు దెబ్బతింటారని వాదించింది. 1980 ప్రాంతంలో జేమ్స్ డాబ్సన్ నడిపే ‘ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ’ రేడియో కార్యక్రమంలో రేమండ్ మూర్ మాట్లాడాడు. వంటింట్లో, కారులో రేడియో వినే లక్షలాది క్రైస్తవ తల్లులకు ఇలా కూడా చేయవచ్చన్న సంగతి అప్పుడే తెలిసింది. దాదాపు అదే సమయంలో, 1977లో, మతంతో సంబంధంలేని జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు ‘గ్రోయింగ్ వితవుట్ స్కూలింగ్’ పత్రిక మొదలుపెట్టాడు. బడి పిల్లల సహజమైన కుతూహలాన్ని చంపుతుందన్నది ఆయన బాధ. తొలినాళ్లలో హోల్ట్, మూర్ దంపతులు ఒకరికొకరు సాయపడ్డారు. తర్వాత క్రైస్తవ సంఘాలు తమ సభలు, తమ పత్రికలు, తమ న్యాయవాదులతో వేరుపడ్డాయి. ఈ రెండు పాయల్ని దగ్గరగా చూసిన సామాజికశాస్త్రవేత్త మిచెల్ స్టీవెన్స్ 2001లో ‘కింగ్‌డమ్ ఆఫ్ చిల్డ్రన్’ అనే పుస్తకం రాశాడు.

పాఠ్యపుస్తకాల గొడవలు కొందరిని బడి నుంచి నేరుగా ఇంటికే తోశాయి. వాటిలో టెనెసీ రాష్ట్రం హాకిన్స్ కౌంటీలో 1983లో మొదలైన తగవు గుర్తుపెట్టుకోదగింది. ఇంగ్లీషు వాచకంలో మనసుతో మనసు మాట్లాడుకునే కథలు, మగవాళ్ల పని ఆడవాళ్లు, ఆడవాళ్ల పని మగవాళ్లు చేసే కథలు, అన్ని మతాలూ ఒకటేనన్న ధ్వని తమ విశ్వాసానికి విరుద్ధమని కొందరు తల్లిదండ్రులు అన్నారు. పుస్తకాన్ని నిషేధించమని వాళ్లు కోర్టును అడగలేదు, తమ పిల్లలకు వేరే వాచకం ఇవ్వమన్నారు. మొదటి కోర్టులో గెలిచారు. 1987లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చదివినంత మాత్రాన నమ్మమన్నట్టు కాదని, అంతగా నచ్చకపోతే చర్చి బడికి పంపుకోవచ్చు, ఇంట్లో చెప్పుకోవచ్చు అని కోర్టు వైఖరి. ఇంటి బాట చూపించింది కోర్టే అయింది. 38 ఏళ్ల తర్వాత, 2025 జూన్‌లో, మేరీల్యాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఇందుకు దాదాపు ఎదురుగా నిలిచింది. స్వలింగ సంబంధాల ప్రస్తావన ఉన్న కథలపుస్తకాలు చదివే సమయంలో తమ పిల్లల్ని తరగతి నుంచి బయటికి పంపాలని అడిగిన ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రుల పక్షాన 6-3 మెజారిటీతో తీర్పు చెప్పింది.

పరిణామవాదం, లైంగిక విద్య కూడా ఈ వరసలోవే. బడిలో పరిణామవాదంతో పాటు సృష్టివాదమూ చెప్పితీరాలన్న లూసియానా చట్టాన్ని 1987లో సుప్రీంకోర్టు కొట్టేశాక, భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని నమ్మే కుటుంబాలకు ప్రభుత్వ బడి సైన్సు పుస్తకం మీద ఉన్న కాస్త ఆశా పోయింది.

అయితే సర్వేలు చెప్పే కథలో సిద్ధాంతం ఒక్కటే లేదు. 2007లో విద్యాగణాంకాల సంస్థ అడిగినప్పుడు మతబోధ లేదా నీతిబోధ ఒక ముఖ్య కారణమన్నవాళ్లు 83 శాతం. బడి వాతావరణం గురించిన భయం ఒక కారణమన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ, 88 శాతం. ఒకే ఒక్క ప్రధాన కారణం చెప్పమంటే మాత్రం 36 శాతంతో మతబోధ, నీతిబోధే ముందున్నాయి. వాతావరణం అంటే భద్రత, మత్తుమందులు, తోటిపిల్లల ఒత్తిడి. తెలుగులో సావాసదోషం అనే మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పుల్లో 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయాక ఆ భయానికి ఊహల అవసరం లేకపోయింది.

‘పిల్లలు నలుగురిలో కలవరు కదా’ అన్న ప్రశ్న ప్రతి హోమ్‌స్కూల్ తల్లికీ ఎదురవుతుంది. ఒకే వయసు పిల్లలు ముప్పైమంది ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేది ఏమిటని వాళ్లు తిరిగి అడుగుతారు. పసిపాపను ఎత్తుకోవడం, తాతకు మందివ్వడం, చర్చిలో పెద్దలతో మాట్లాడడం కూడా సమాజమేనంటారు. వారానికోసారి నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక చర్చి హాలులో ఒక తల్లి కెమిస్ట్రీ, ఇంకో తల్లి చిత్రలేఖనం చెప్పుకునే కో-ఆప్‌లు ఈ లోటును చాలావరకు పూడ్చాయి.

బడి మీద అలక కన్నా ఇంటి మీద మమకారమే కారణమైన కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరి కథల పుస్తకం ఇంకొకరు వింటూ పెరగాలని వాళ్ల కోరిక. ఫిలిప్పీన్స్‌లో మిషనరీలుగా పనిచేసిన బాబ్, పామ్ టెబో దంపతులు ఐదుగురు పిల్లల్నీ ఫ్లోరిడాలోని ఇంట్లోనే చదివించారు. వాళ్ల చిన్నకొడుకు టిమ్ టెబో, హోమ్‌స్కూల్ పిల్లలకు ప్రభుత్వ బడి జట్టులో ఆడే హక్కిచ్చిన 1996 ఫ్లోరిడా చట్టం పుణ్యాన హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడాడు. 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. తర్వాత ఇతర రాష్ట్రాల్లో అలాంటి చట్టాలకు ఆయన పేరే పెట్టి పిలిచారు. చదువులో కూడా వెనకబడలేదని చూపించుకునే సందర్భాలు దొరికాయి. 2000లో జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో మొదటి మూడు స్థానాలూ ఇంట్లో చదివే పిల్లలకే వచ్చాయి. గెలిచిన బాలుడు భారతీయ సంతతివాడు.

ఈ ఇంటి మమకారాన్ని మోసేది ఎక్కువగా తల్లే. 1985లో వచ్చిన మేరీ ప్రైడ్ పుస్తకం ‘ద వే హోమ్’ స్త్రీవాదాన్ని వదిలి ఇంటికి తిరిగిరమ్మని క్రైస్తవ స్త్రీలను పిలిచింది. పిల్లల్ని సైనికుడి చేతిలోని బాణాలతో పోల్చిన 127వ కీర్తన పట్టుకుని ఎక్కువమంది పిల్లల్ని కనాలన్న ఉద్యమానికి ఆ పుస్తకం ఊపిరైంది. రెండో జీతం వదులుకుని, ముగ్గురు నలుగురు పిల్లలకు వేర్వేరు పాఠాలు చెబుతూ, అదే బల్ల మీద భోజనం వడ్డించే ఆ శ్రమ గురించి ఉద్యమ చరిత్రల్లో రాయాల్సినంత రాయలేదు. న్యాయవాదుల, రచయితల పేర్లే అందులో నిండిపోయాయి.

ఆ తల్లికి ఊతమిచ్చింది పోస్టులో వచ్చే పుస్తకాల పెట్టె. ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి అబేకా, సౌత్ కరొలినాలోని గ్రీన్‌విల్ నుంచి బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ మొదట చర్చి బడుల కోసం వేసిన పుస్తకాల్నే ఇళ్లకూ అమ్మాయి. అవి ప్రతి పాఠాన్నీ లేఖనంతో ముడిపెడతాయి. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ దారిలో మంచి సాహిత్యం, ప్రకృతి పరిశీలనతో నడిచే ఇళ్లు ఉన్నాయి. లాటిన్, తర్కం చెప్పే ఇళ్లూ ఉన్నాయి.

క్యాథలిక్కులది కాస్త వేరే దారి. తల్లిదండ్రులే మొదటి, ముఖ్యమైన గురువులని 1965లో రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. పారిష్ బడుల్లో నన్‌ల సంఖ్య తగ్గి, ఫీజులు పెరిగి, మతబోధ పలచబడిందని బాధపడ్డ క్యాథలిక్ తల్లిదండ్రులు ఆ మాటనే ఆధారం చేసుకున్నారు. వర్జీనియాలోని సీటన్ హోమ్ స్టడీ స్కూల్ వాళ్ల పిల్లలకు పాఠాలు పంపుతుంది.

నల్లజాతి క్రైస్తవ కుటుంబాల్లో విశ్వాసంతో పాటు ఇంకో గాయం ఉంది. తమ కొడుకుల్ని చిన్న తప్పుకే పెద్ద శిక్షతో బయటికి పంపుతున్నారని, తమ చరిత్ర పాఠంలో లేదని వాళ్లు చెబుతారు. లూసియానాలో 2000లో మొదలైన నేషనల్ బ్లాక్ హోమ్ ఎడ్యుకేటర్స్ ఇలాంటి కుటుంబాల్ని కలిపింది. కరోనా కాలంలో ఈ కదలిక ఒక్కసారిగా బయటపడింది. జనగణన శాఖ సర్వేలో ఇంట్లో చదివించే కుటుంబాలు 2020 వసంతంలో 5.4 శాతం. ఆ ఏడాది శరత్కాలానికి 11.1 శాతం. నల్లజాతి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1 శాతానికి చేరాయి.

ఇదంతా చట్టబద్ధం కావడానికి చాలా పోరాటం జరిగింది. 1980 నాటికి చాలా రాష్ట్రాల్లో ఇంటి చదువంటే బడి ఎగ్గొట్టడమే. కొన్ని చోట్ల తల్లికి ఉపాధ్యాయ ధ్రువపత్రం ఉండాలి. బడి వేళల్లో పిల్లల్ని వీధిలో ఆడుకోనివ్వడానికి కూడా తల్లులు జంకేవారు. బిడ్డ ప్రభుత్వానికి మాత్రమే చెందినవాడు కాదని చెప్పిన 1925 నాటి పియర్స్ తీర్పు, ఎనిమిదో తరగతి దాటాక బడికి పంపనన్న అమిష్ తండ్రుల పక్షాన నిలిచిన 1972 నాటి యోడర్ తీర్పు వాళ్ల ఆయుధాలు. 1983లో మైకేల్ ఫ్యారిస్, మైకేల్ స్మిత్ అనే న్యాయవాదులు హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ పెట్టారు. హాకిన్స్ కౌంటీ తల్లిదండ్రుల తరఫున వాదించిందీ ఫ్యారిసే. మతవిశ్వాసంతో ఇంట్లో చదివించేవాళ్లకు ధ్రువపత్రం తప్పనిసరి చేయడం చెల్లదని 1993లో మిషిగన్ సుప్రీంకోర్టు డీజాంగ్ కేసులో తేల్చింది. 1994లో ఒక కేంద్ర విద్యా బిల్లులో ఉపాధ్యాయ అర్హతల గురించిన వాక్యం తమకూ వర్తిస్తుందేమోనన్న భయంతో హోమ్‌స్కూల్ తల్లిదండ్రులు ఫోన్లు చేసి చేసి కాంగ్రెస్ టెలిఫోన్ లైన్లు స్తంభింపజేశారు. వాళ్లకు మినహాయింపు ఇచ్చే సవరణ 424-1 ఓట్లతో నెగ్గింది.

అదే విశ్వాసం ఇంకో దేశంలో శిక్షకు దారితీస్తుంది. జర్మనీలో బడికి వెళ్లితీరాలి, ఇంటి చదువుకు అనుమతి దాదాపు లేదు. మతం వేరైన పిల్లలు ఒకే గదిలో కూర్చోవడం సమాజానికి అవసరమన్న జర్మన్ కోర్టుల వాదనను యూరప్ మానవహక్కుల న్యాయస్థానం 2006లో కొన్రాడ్ కేసులో సమర్థించింది. రోమైకే అనే ఎవాంజెలికల్ కుటుంబం జరిమానాలు భరించలేక 2008లో టెనెసీకి వెళ్లి ఆశ్రయం అడిగింది. 2010లో ఒక ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ఇచ్చారు, పై స్థాయిల్లో రద్దయింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు వాళ్ల విన్నపం వినడానికి నిరాకరించింది. మరునాడే ప్రభుత్వం వాళ్లను ఉండనిచ్చింది.

తెలుగు నేల మీద క్రైస్తవుల జ్ఞాపకం బడిని వదిలి ఇంటికి మళ్లిన ఈ కథకు పూర్తిగా ఎదురు. 1878 జులైలో ఒంగోలు మిషన్‌లో మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. కులం మూసేసిన అక్షరం తలుపు వాళ్లకు మిషన్ బడిలోనే తెరుచుకుంది. పలకాబలపం, బైబిలు ఒకే చేతిలోంచి అందిన ఇళ్లలో బడి మానిపించడమే భక్తి అన్న ఆలోచన మింగుడుపడదు. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది గానీ ఇంటి చదువుకు ప్రత్యేక చట్టమంటూ లేదు. ఆ దారి పట్టిన కొద్ది కుటుంబాలు తరచూ జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షల మీద ఆధారపడతాయి.

అమెరికాలో కారణాల వరస ఇప్పుడు మారుతోంది. 2016లో బడి వాతావరణమే ప్రధాన కారణమన్నవాళ్లు 34 శాతం, మతబోధ అన్నవాళ్లు 16 శాతం. విమర్శలూ పదునెక్కాయి. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఎలిజబెత్ బార్తొలెట్, ప్రత్యేక అనుమతి లేనిదే ఇంటి చదువు కుదరకూడదని 2020లో వాదించింది. ఇంట్లో హింసకు గురయ్యే బిడ్డను చూసే ఉపాధ్యాయుడే లేకుండా పోతాడన్నది ఆమె ఆందోళన. ఇంట్లోనే చదివి పెద్దయినవాళ్లు కొందరు 2013లో కొయలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ పెట్టి కనీస పర్యవేక్షణ కావాలంటున్నారు. వాళ్ల మాటను పక్కన పెట్టి ఈ ఉద్యమం గురించి నిజాయితీగా మాట్లాడలేం, ఎందుకంటే ఆ బల్ల ముందు కూర్చున్నది వాళ్లే.

రాష్ట్రాల మధ్య తేడా కూడా పెద్దదే. న్యూయార్క్‌లో తల్లి ఏడాది ప్రణాళిక, మూడునెలలకోసారి నివేదిక ఇవ్వాలి. టెక్సస్‌లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇల్లినాయ్‌లోనూ ఇప్పటిదాకా చెప్పాల్సిన పని లేదు. తమ పిల్లలు ఇంట్లో చదువుతున్నారని ఒక ఫారం నింపి తెలపాలన్న బిల్లు 2025 మార్చిలో అక్కడి శాసనసభ కమిటీ ముందుకొచ్చినప్పుడు, వేలాది తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని స్ప్రింగ్‌ఫీల్డ్ శాసనసభ భవనాన్ని నింపేశారు. అదే కమిటీ ముందు, ఇంట్లోనే చదువుకుని పెద్దయినవాళ్లు కొందరు బిల్లు కావాలని సాక్ష్యం చెప్పారు. ఆ సమావేశాల్లో బిల్లు చట్టం కాలేదు.